కొసరు వేసే అంగడి: లీమాలోని సుర్కియో మార్కెట్

మా అమ్మాయి ఉద్యోగరీత్యా పెరూ దేశ రాజధాని లీమాలో ఉంటోంది. మే నెలలో, హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటి, బంగినపల్లి మామిడిపండ్లు ఇంటింటా ముగ్గుతున్న రోజుల్లో, ఆ పండ్లను వదులుకొని అమ్మాయి దగ్గరకు వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చాను. వచ్చినప్పటి నుంచి విద్యానగర్‌లో ఇరుగుపొరుగువారు, బంధువులు, పిల్లలను ఆ వైపు పంపబోతున్న ఒకరిద్దరు తల్లులు నన్ను అడుగుతున్నది ఒక్కటే: అక్కడ ఏం కొనుక్కున్నారు, ఏం వండుకున్నారు అని. నా జవాబు దాదాపు అంతా ఒకే కప్పు కింద ఉంది. అది సుర్కియో పేటలోని మునిసిపల్ మార్కెట్ నంబరు 1. వారానికి మూడుసార్ల చొప్పున ముప్పై సార్లకు పైగానే వెళ్ళాను కాబట్టి దాని మంచిచెడ్డలు నమ్మకంగా చెప్పగలను.

మార్కెట్ ఉన్న చోటు గురించి ముందుగా చెప్పాలి. లీమా నగరం నడుమ నేలమట్టానికి కిందుగా తవ్విన పెద్ద రహదారి ఒకటి ఉంది. దానికి ఒక పక్క మిరాఫ్లోరెస్, అంటే సముద్రతీరపు ఎత్తైన అపార్టుమెంట్లు, హోటళ్ళు, విదేశీ యాత్రికులు ఉండే పేట. రెండో పక్క సుర్కియో, అంటే చిన్న ఇళ్ళు, మరమ్మతు దుకాణాలు, వీధి భోజనశాలలు ఉండే పేట. మార్కెట్ ఈ రెండింటి సరిహద్దులోనే, సుర్కియో వైపు ఉంది. అందువల్ల తెల్లవారి వేళ అక్కడ పెద్ద హోటళ్ళ వంటవాళ్ళు, పక్క వీధి గృహిణులు, చేతిలో కెమెరా పట్టుకున్న యాత్రికులు ఒకే కాటా ముందు వరుసలో నిలబడి కనిపిస్తారు. రహదారి మధ్యలో నడిచే మెత్రోపోలితానో బస్సులో రికార్దో పాల్మా స్టేషన్ దగ్గర దిగితే అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడక. మిరాఫ్లోరెస్‌లోని కెన్నెడీ పార్కు దగ్గర బస చేసేవారు హాయిగా నడిచి వెళ్ళవచ్చు.

లోపలికి వెళ్ళిన మొదటి రోజు నన్ను కట్టిపడేసింది కూరగాయల రంగులు కాదు, జ్యూసుల కొట్టు. అరటిపండ్లు, బొప్పాయిలు, అనాసలు గోడలా పేర్చి, వాటి వెనుక ఎత్తైన పీట మీద నిలబడిన యాభై ఏళ్ళ ఆవిడ, మిక్సీ జారు నిండా బొప్పాయి రసం తీసి నాకు పొడవాటి గాజు గ్లాసులో పోసింది. జారులో ఇంకా మూడో వంతు మిగిలింది. దాన్ని ఆవిడ పక్కన పెట్టి, నేను సగం తాగేదాకా ఆగి, ఏమీ అడగకుండానే మిగిలిన రసమంతా నా గ్లాసులోకి మళ్ళీ వంచి, "యాపా" అంది. ఆ మాటకు అర్థమేమిటని అమ్మాయిని అడిగాను. "కొసరు, అమ్మా" అని చెప్పింది. అంతకంటే సరైన అనువాదం ఉండదు. ఇది స్పానిష్ మాట కాదు, ఆండీస్ కొండల ప్రజల కెచువా భాషలో కలపడం, పెంచడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. కొనుగోలుదారు అడిగి పుచ్చుకున్నా తప్పు లేదు, "యాపితా" అని ముద్దుగా అడుగుతారు. బంగాళాదుంపలు కొంటే ఒక దుంప, నిమ్మకాయలు కొంటే రెండు కాయలు, కొత్తిమీర కొంటే నాలుగు రెమ్మలు అదనంగా సంచిలో పడతాయి.

కొసరు గురించి నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మా ఇంటి దగ్గర బండి మీద కూరగాయలు అమ్మే ఆవిడ "తీస్కపో అమ్మా, కరివేపాకు ఊకెనే ఇస్తున్న" అని పిడికెడు రెమ్మలు సంచిలో వేస్తే, ఆ రోజు బేరంలో నేను రెండు రూపాయలు ఓడిపోయినా మనసుకు లోటు అనిపించదు. ఇప్పుడు హైదరాబాదులో చాలా ఇళ్ళకు కూరగాయలు ఫోనులో నొక్కితే పది పదిహేను నిమిషాల్లో వస్తున్నాయి, తూకం గ్రాముతో సహా సరిగ్గా ఉంటుంది, కరివేపాకుకు వేరే ధర పడుతుంది. అది తప్పని నేను అనను, ఉద్యోగాలు చేసుకునే పిల్లలకు అదే సౌకర్యం. కానీ కోటి మంది ఉన్న లీమా వంటి మహానగరంలో, రెండు వీధుల అవతల చల్లటి సూపర్ మార్కెట్లు ఉండగా, కొసరు మీద నడిచే అంగడి ఇంత నిండుగా ఉండటం నాకు ఎంతో సంతోషాన్ని ఇచ్చింది.

పిలుపుల సంగతి కూడా అటువంటిదే. అమ్మేవారు కొనేవారిని "కసేరా" అంటారు, మగవారైతే "కసేరో". కొనేవారు అమ్మేవారినీ అదే మాటతో పిలుస్తారు. ఒకే దగ్గర మళ్ళీ మళ్ళీ కొనే వాడుకదారు, ఆ వాడుకను నిలబెట్టుకునే అంగడివారు, ఇద్దరికీ కలిపి ఒకే మాట. మన దగ్గర "వాడుక పాలు", "వాడుక కొట్టు" అంటామే, అందులోని వాడుకను మనిషికి పేరుగా పెట్టినట్టు ఉంటుంది. మూడో వారానికి ఉల్లిపాయల ఆవిడ నన్ను కసేరా అని పిలిచింది. అప్పటి నుంచి ఆవిడ దగ్గర నేను బేరం ఆడలేదు, ఆవిడ నాకు మెత్తబడిన ఉల్లిపాయ ఒక్కటి కూడా వేయలేదు. ఒక రోజు కొట్లు అప్పుడే తెరుస్తున్న వేళకు వెళ్ళి, నా చేతి నుంచి మొదటి డబ్బు అందుకుంటే, ఆవిడ ఆ నాణేన్ని నుదుటికి, గుండెకు, రెండు భుజాలకు తాకించి శిలువ గుర్తు వేసుకొని గల్లాలో వేసింది. మొండా మార్కెట్లో బోణీ డబ్బును కళ్ళకద్దుకునే చేతులు నాకు వెంటనే గుర్తుకొచ్చాయి.

ఇక సరుకుల సంగతి. తెలుగువారు మొదట వెళ్ళవలసింది మిరపకాయల దగ్గరకు. మిరప మన దేశపు పంట కాదనీ, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు అమెరికా ఖండం నుంచి తెచ్చాయనీ చదువుకున్నాం గానీ, మిరపకు పుట్టిళ్ళైన నేలల్లో ఒకచోట నిలబడి చూస్తే ఆ మాట మరోలా వినిపిస్తుంది. మన గుంటూరు మిరప జాతి మెక్సికోలో సాగులోకి వచ్చింది, పెరూ వారి మిరపలు వేరే జాతులు. "అహీ అమరీయో" అంటే పసుపు మిరప అని పేరు గానీ, పండితే నారింజ రంగుకు తిరుగుతుంది. వేలెడు పొడవు, ఘాటు మధ్యస్థం, కొంచెం పండు వాసన. వీరి వంటకు ఇదే ప్రాణం. శనగపిండి సంపాదించి నేను వాటితో బజ్జీలు వేశాను, మన బజ్జీ మిరపకాయకు ఏమాత్రం తీసిపోలేదు. "అహీ పాంకా" ఎండబెట్టిన ముదురు ఎరుపు మిరప, కారం తక్కువ, రంగు ఎక్కువ. మన వంటలో కాశ్మీరీ మిరపకాయ చేసే పని అది చేస్తుంది.

మూడోదైన "రొకోతో" విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాను. చూడటానికి అచ్చం ఎర్రటి చిన్న క్యాప్సికంలా, గుండ్రంగా, దళసరి కండతో నిగనిగలాడుతుంది. నేను క్యాప్సికమే అనుకొని అరకిలో అడిగాను. అమ్మే ఆవిడ నా ముఖం చూసి, సంచిలో వేయబోయిన చేతిని ఆపి, "పికా, కసేరా, పికా" అంది. పికా అంటే కారం. ఒక కాయను నిలువుగా కోసి చూపించింది. లోపల గింజలు నల్లగా, బొప్పాయి గింజల్లా ఉన్నాయి. మరే మిరపకూ ఇటువంటి నల్ల గింజలు నేను చూడలేదు. ఆ గింజలూ, వాటిని పట్టుకొని ఉన్న తెల్లటి ఈనెలూ తీసేసి, వెనిగర్, పంచదార వేసిన నీళ్ళలో ఒకటి రెండు పొంగులు రానిచ్చి ఆ నీళ్ళు పారబోయాలని చేతులతో అభినయించి చెప్పింది. నా చేతికి రెండు కాయలే ఇచ్చి పంపింది. ఎక్కువ అమ్ముకునే అవకాశం వదులుకొని కొనేవారికి నష్టం కాకుండా చూసిన ఆ ఒక్క పనికే ఈ అంగడికి నా దగ్గర పెద్ద మార్కులు ఉన్నాయి. ఆ రెండు కాయలతో, నిప్పుల మీద కాల్చి, ఉప్పు, వెల్లుల్లి, చింతపండు చేర్చి చేసిన రోటి పచ్చడి నాలుగు రోజులు వచ్చింది.

బంగాళాదుంపల వరుస దగ్గర తొందరపడకూడదు. దాదాపు 8,000 ఏళ్ళ క్రితం టిటికాకా సరస్సు పరిసరాల్లో ఈ దుంప సాగు మొదలైంది. పెరూలో 3,000కు పైగా రకాలు ఉన్నాయి. 1971లో ఏర్పడిన అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం ఉన్నది కూడా ఈ లీమాలోనే. మార్కెట్లో మనకు కనబడేవి పది పన్నెండు రకాలు. వాటిలో మనకు పనికివచ్చే తేడా ఇది: "పాపా అమరీయా" అనే పసుపు దుంప ఉడికితే గుడ్డు సొనలా పొడిపొడిగా రాలిపోతుంది, కనుక కూరలో వేస్తే కరిగిపోతుంది, ముద్దగా మెదిపితే అమృతం. ఆ ముద్దలోనే నిమ్మరసం, పసుపు మిరప ముద్ద కలిపి పొరలు పొరలుగా పేర్చి "కౌసా" అనే చల్లటి వంటకం చేస్తారు. పులుసుకూ ఇగురుకూ ఊదారంగు ఛాయ ఉన్న "వైరో" దుంప మంచిది, రసాన్ని బాగా పీల్చుకుంటుంది. వేపుడుకు గులాబీ తొక్క ఉన్న "కంచాన్" తీసుకోవచ్చు. ఏ కూరకని చెబితే దానికి తగిన దుంప అంగడివారే ఎంచి ఇస్తారు. దుంపకు దుంపకు తేడా చెప్పగలిగే అమ్మకందారును నేను ఇదివరకు ఎరుగను.

చిలగడదుంప, కర్రపెండలం, వేరుశనగ, జామ, బొప్పాయి, టమాటా... ఆ వరుసలన్నీ తిరుగుతుంటే మన ఊరి సంతలోనే ఉన్నట్టు ఉంటుంది. ఇవన్నీ ఆ ఖండంలో పుట్టి మన దగ్గరకు వచ్చి మనవైపోయినవే. కొత్తిమీరను అక్కడ "కులాంత్రో" అంటారు, కట్టలు పెద్దవి, వాసన ఘనంగా ఉంటుంది. మనవారికి మరో ఉపయోగకరమైన సంగతి: "ఫ్రిహోల్ దే పాలో" అని అడిగితే దొరికేది కందులే. పప్పుగా విరిచినది కాదు, పొట్టుతో ఉన్న గింజ, కాబట్టి రాత్రి నానబెట్టాలి. మినపప్పు, కరివేపాకు నాకు ఆ మార్కెట్లో దొరకలేదు. ఇడ్లీ, దోసెల మీద బెంగ ఉన్నవారు మినుములు ఇక్కడి నుంచే పట్టుకెళ్ళడం మేలు.

పండ్లలో చిరిమోయా గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. అది మన సీతాఫలానికి దగ్గరి చుట్టం. ఆకుపచ్చ తొక్క మీద బొటనవేలితో నొక్కిన గుంటల వంటి గుర్తులు ఉంటాయి, మన పండులా కళ్ళు కళ్ళుగా విడిపోదు. చెంచాతో తీస్తే లోపలి గుజ్జు ఒకే ముద్దగా, మీగడలా వస్తుంది, గింజలు తక్కువ, తీపి వెనుక చిన్న పులుపు ఉంటుంది. పాలమూరు సీతాఫలం మీద పెరిగిన నాలుకతో చెబుతున్నాను, గుజ్జు నిండుదనంలో చిరిమోయాది పైచేయి, సువాసనలో మాత్రం మనదే. మెత్తబడిన కాయ ఆ రోజే తినాలి, గట్టి కాయ అయితే బియ్యం డబ్బాలో కాక కాగితంలో చుట్టి పెట్టమని పండ్లవాడు చెప్పాడు. "లుకుమా" అనే మరో పండు ఉంది, లోపల ఉడికించిన గుడ్డు సొనలా పొడిగా ఉంటుంది. దాన్ని ఊరికే తింటే నాకు గొంతు పట్టింది, ఐస్‌క్రీములో మాత్రం చాలా బాగుంది.

మేము చేపలు తినేవాళ్ళం కాబట్టి ఆ భాగం కూడా చూశాను. లీమా తీరం వెంట చల్లటి హంబోల్ట్ ప్రవాహం సాగుతుంది. దానివల్ల సముద్రం నిండా చేపలు, ఆకాశం నిండా మబ్బు, అయినా వాన మాత్రం ఉండదు. జూన్, జూలైల్లో రోజంతా బూడిద రంగు ఆకాశం, ముఖం మీద పడీపడనట్టు ఉండే తుంపర, అంతే. రామ్‌నగర్ చేపల మార్కెట్లో ఆదివారం ఉండే అరుపులు ఇక్కడ లేవు. కొర్వినా, బొనీతో, పెహెర్రెయ్ అనే చేపలు మంచు మీద వరసగా ఉంటాయి, పులుసుకా వేపుడుకా అని అడిగి దానికి తగినట్టు ముక్కలు కోస్తారు. మార్కెట్ లోపలే "సెవిచే" తినిపించే చిన్న కొట్లు ఉన్నాయి. పచ్చి చేప ముక్కలను నిమ్మరసం, ఉల్లిపాయ, మిరప, ఉప్పుతో కలిపి, పక్కన చిలగడదుంప, పెద్ద గింజల మొక్కజొన్న పెట్టి ఇచ్చే ఆ వంటకాన్ని 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. పచ్చి చేప అనగానే వెనక్కి తగ్గాను. కానీ అందులోని నిమ్మకాయ మన పలచ తొక్క నిమ్మకాయే. మనవైపు ఆసియా నుంచి స్పెయిన్ వారి ద్వారా అక్కడికి చేరిన కాయ. వారి మిరప మన పచ్చడిలోకి, మన నిమ్మ వారి గిన్నెలోకి వెళ్ళిందని తెలిశాక ఒక ముద్ద తిన్నాను. నిమ్మపులుపుకు చేప తెల్లబడి, ఉడికినదానిలాగే ఉంది. సెవిచే మధ్యాహ్నమే తింటారు, పొద్దుటి చేపను సాయంత్రం దాకా ఉంచరు. కనుక రాత్రి భోజనానికి ఆ కోరిక పెట్టుకోవద్దు.

డబ్బు విషయంలో జాగ్రత్త అవసరం. అక్కడి నాణెం సోలు, మన లెక్కలో పాతిక రూపాయలకు అటూ ఇటూ. మన ఫోన్ చెల్లింపుల వలెనే "యాపే" అనే యాప్ బోర్డు ప్రతి కొట్టు ముందూ వేలాడుతూ ఉంటుంది గానీ, కొద్ది రోజులకు వెళ్ళేవారికి నగదే దిక్కు. పెద్ద నోటు ఇస్తే దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, వేలితో రుద్ది, అప్పుడు తీసుకుంటారు. అది మనల్ని అనుమానించడం కాదు, దొంగ నోట్లు, దొంగ నాణేలు తిరుగుతూ ఉంటాయి కాబట్టి అందరూ అందరికీ చేసే పని. మా బస దగ్గర ఒక చిల్లర కొట్టులో నాకు చిల్లరగా వచ్చిన అయిదు సోళ్ళ నాణెం దొంగదని జ్యూసుల ఆవిడే పట్టుకుంది. అసలు నాణెం రెండు లోహాలది, బయట వెండి రంగు వలయం, నడుమ పసుపు బిళ్ళ. నా నాణెంలో ఆ రెండూ కలిసే గీత మసకగా ఉంది. ఆవిడ రెండు నాణేలు పక్కపక్కన పెట్టి ఆ గీతను గోటితో చూపించి, దొంగదాన్ని నా చేతిలో పెట్టి, జ్యూసు డబ్బు రేపు ఇమ్మంది. నా దగ్గర వేరే చిల్లర లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఇచ్చాను. ఊరూ పేరూ తెలియని పరదేశి మనిషిని ఆవిడ నమ్మింది, ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమర్చుతాయి.

కొన్ని ఇబ్బందులు లేకపోలేదు. ఇంగ్లీషు పెద్దగా నడవదు. అంకెలు, కిలో, అరకిలో, కారం, తీపి, కొసరు అనే మాటలు స్పానిష్‌లో నేర్చుకొని వెళ్ళాలి. ఊరి శివారు సాంతా అనీతాలో పెద్ద టోకు మార్కెట్ ఉంది, ధర ఒక్కటే చూసుకునేవారికి అక్కడే లాభం. అయితే మన బేగంబజారులో లాగే అక్కడ బస్తాల లెక్కన కొనేవారి హడావిడి ఉంటుంది, ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంటికి అంత దూరం పోవడం దండగ. సుర్కియోలో ఒక దుంప, రెండు మిరపకాయలు కూడా ముఖం చిట్లించకుండా ఇస్తారు. మాంసం భాగంలో కోసిన జంతువులను వేలాడదీసి ఉంచుతారు, శాకాహారులు ఆ వరుస తప్పించి పండ్ల వైపు నుంచి నడవడం మంచిది. 2018 చివర్లో చేసిన చట్టం తర్వాత ప్లాస్టిక్ సంచులు తగ్గించారు, బట్ట సంచి వెంట ఉండాలి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే కొట్లు ఒక్కొక్కటే సర్దుకుంటాయి, కాబట్టి ఉదయం తొమ్మిది లోపు చేరుకుంటే సరుకు, తీరిక రెండూ దొరుకుతాయి.

ఆ వేళకు బయట వీధి మొదట్లో "ఎమోలియెంతే" బండి కూడా ఉంటుంది. వేయించిన బార్లీ, అవిసె గింజలు, మూలికలు మరిగించి, నిమ్మరసం పిండి వేడివేడిగా గ్లాసులో ఇస్తారు. చలికి గొంతు బొంగురుపోయిన రోజుల్లో శొంఠి కషాయం బదులు నేను అదే తాగాను. ఆ బండివాడు కూడా గ్లాసు ఖాళీ కాగానే గరిటెడు కొసరు పోస్తాడు.

ఇప్పుడు శనివారాలు అమ్మాయి ఒక్కతే ఆ మార్కెట్‌కు వెళుతోంది. ఇక్కడ మాకు రాత్రి అయ్యే వేళకు అక్కడ పొద్దున, పదిన్నర గంటల తేడా. మొన్న జ్యూసుల కొట్టు ముందు నిలబడే ఫోను చేసింది. ఆవిడ తెర మీద నన్ను చూసి ఖాళీ జారు పైకెత్తి ఊపింది. చిరిమోయాలు మళ్ళీ ఎప్పుడు బాగా దిగుతాయని అమ్మాయి చేత అడిగించాను. ఏప్రిల్‌లో అని చెప్పింది.